మా అరికాళ్ళు ఒక్కసారి చూడండి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి, జోగుళాంబ గద్వాల జిల్లా కలెక్టరు గారికి,



నేను గట్టు మండలంలో చీరలు నేసేవాణ్ణి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు ఉండే గద్వాల చీర ఆ పట్టణంలోనే కాదు, రాజోలిలోనూ అయిజలోనూ మా గట్టులోనూ మగ్గాల మీద తయారవుతుంది. మాది గుంట మగ్గం. నేతగాడు నేల మట్టాన కూర్చుని కాళ్ళు గుంటలోకి దించుతాడు. కింద తొక్కే చెక్కలుంటాయి. ఒకటి తొక్కితే పడుగు విచ్చుకుంటుంది, నాడె అటు పోతుంది. ఇంకోటి తొక్కితే మళ్ళీ విచ్చుకుంటుంది, నాడె ఇటు వస్తుంది. మగ్గం చూడటానికి వచ్చినవాళ్ళు మా చేతుల్నే చూస్తారు. చీరను నడిపేది మాత్రం కాళ్ళు. ఏ చెక్క మీద ఏ కాలు ఉందో మేం వంగి చూడం. అరికాలే చెబుతుంది.

ఏడేళ్ళ కింద నా అరికాళ్ళు ఆ మాట చెప్పడం మానేశాయి. దాని బదులు మండటం మొదలుపెట్టాయి.

మొదట వేళ్ళ కొనల్లో చీమలు పాకినట్టుండేది. కొన్నాళ్ళకు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా బండ మీద నిలబడ్డట్టు అయింది. ఆ తర్వాత మోకాళ్ళ కింది దాకా కారం పూసినట్టు. పగలు పని మీద ధ్యాస ఉంటే కొంత మరుపు. రాత్రి పడుకుంటే దుప్పటి అంచు తగిలినా ఓర్వలేను. ఇంట్లోవాళ్ళు పట్టుకుని చూసి, "చల్లగనే ఉన్నయి గదా" అంటారు. నిజమే, పైకి చల్లగానే ఉంటాయి. అందుకే ఈ బాధను ఎదుటివాళ్ళకు నమ్మించడం కష్టం. జ్వరమైతే ఒళ్ళు కాలుతుంది, దెబ్బైతే రక్తం వస్తుంది. దీనికి చూపించడానికి ఏ గుర్తూ లేదు.

వేడి చేసిందనుకున్నాను. మా ఊళ్ళో ఎవరైనా ముందు అదే అనుకుంటారు. మజ్జిగ తాగాను, ఆముదం మర్దన చేయించుకున్నాను, గోరింటాకు ముద్ద అరికాళ్ళకు పట్టించి పొద్దుటిదాకా ఉంచుకున్నాను. బకెట్టు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని గోడకానుకుని కునుకు తీసిన రాత్రులు లెక్కలేనన్ని. తర్వాత ఊరి ఆర్ఎంపీ దగ్గర సూదులు. సూది పడిన రోజు కొంత తేలికగా ఉండేది, మర్నాటికి మామూలే. ఆ తర్వాత ఒక పెద్ద ఊళ్ళో ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళాను. నడుముకు స్కానింగు తీశారు, కాళ్ళకు తీగలు తగిలించి పరీక్ష చేశారు, "నరాల బలహీనత" అని రాసి, రంగురంగుల బలం బిళ్ళలు సంచి నిండా ఇచ్చారు. ఆ ఒక్క రోజు ఖర్చుకు మూడు చీరల కూలి పోయింది. ఒక చీరకు ఇద్దరం కూర్చుంటే ఎన్ని రోజులు పడుతుందో చేనేత శాఖ వాళ్ళను అడగండి, మూడు చీరలంటే ఏమిటో తెలుస్తుంది.

ఈ మంట మొదలవకముందే నాకు షుగరు ఉంది. బిళ్ళలు నెలనెలా ఉచితంగానే అందుతున్నాయి. అందుకు సర్కారుకు కృతజ్ఞుణ్ణి. కానీ ఇన్నేళ్ళలో బిళ్ళలిచ్చినవాళ్ళెవరూ ఒక్కసారైనా "చెప్పులు విప్పు" అనలేదు. వాళ్ళ తప్పని నేననను. వాళ్ళ ముందు చాంతాడంత వరస ఉంటుంది. వాళ్ళు నింపే కాగితంలో రక్తంలో చక్కెర ఎంతో రాయడానికి చోటుంది గానీ, కాళ్ళ సంగతి రాయడానికి చోటు లేదు.

నా రోగం ఏమిటో చివరికి కర్నూలులో తేల్చిన డాక్టరమ్మకు పట్టిన సమయం పది నిమిషాలు. ఆమె చేతిలో ఉన్నవి రెండే వస్తువులు. ఒకటి శ్రుతిదండం. దాన్ని మోగించి నా బొటనవేలి ఎముకకు ఆనించి, "గుర్రుమని తెలుస్తోందా?" అని అడిగింది. తెలియలేదు. మోకాలి దగ్గర ఆనిస్తే తెలిసింది. రెండోది ఒక నైలాను పోగు. నాకు పోగులంటే తెలుసు కాబట్టి దాన్ని శ్రద్ధగా చూశాను. సరిగ్గా పది గ్రాముల ఒత్తిడికి వంగేట్టు దాన్ని తయారుచేస్తారట. నన్ను కళ్ళు మూసుకోమని, అది వంగేదాకా అరికాల్లో ఒక్కోచోట ఆనించి, తగిలినప్పుడు చెప్పమంది. చాలాచోట్ల నేను నోరు విప్పలేదు. ముప్పై ఏళ్ళుగా పట్టుపోగు తెగితే వేలికొనతో పసిగట్టినవాణ్ణి, నా అరికాలికి ఒక పోగు తగిలితే తెలుసుకోలేకపోయాను. అప్పుడు నాకు కన్నీళ్ళొచ్చాయి. ఏడేళ్ళ మంటకు ఏడవనివాణ్ణి దానికి ఏడ్చాను.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఒంట్లో అన్నిటికంటే పొడుగు నరాలు కాలివేళ్ళ దాకా పోయేవి. ఏళ్ళ తరబడి షుగరు అదుపు తప్పితే ముందు దెబ్బ తగిలేది వాటి కొనలకే. అందుకే వేళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది. దెబ్బతిన్న నరం ఒకవైపు నిజంగా తగిలినదాన్ని చెప్పదు, ఇంకోవైపు ఏమీ తగలకుండానే మంటని మెదడుకు కబురు పంపుతుంది. ఒకే కాలు మొద్దుబారడం, మండటం రెండూ అందుకే. మామూలు నొప్పి బిళ్ళలు, సూదులు దీని మీద పెద్దగా పనిచేయవు. ఏళ్ళ తరబడి మింగితే మూత్రపిండాలు పాడవ్వొచ్చు. షుగరు ఉన్నవాడికి స్టెరాయిడు సూది పడితే షుగరు ఇంకా ఎగబాకుతుంది.

అందులో నేను ఊహించని సంగతి ఇంకోటుంది. షుగరుకు మనం మింగే మెట్‌ఫార్మిన్ మంచి మందే, మానకూడదు. కానీ ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బీ12 విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. బీ12 తగ్గితే నరాలు దెబ్బతిని ఇవే మంటలు, తిమ్మిర్లు వస్తాయి. పాలు, గుడ్లు, మాంసం అరుదుగా తినే ఇళ్ళలో అది అసలే తక్కువ. మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో ఇలాంటి లక్షణాలు కనబడితే బీ12 పరీక్ష చేయమని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో తన డాక్టర్లకు చెప్పింది. నా రక్తంలో అది బాగా తక్కువుంది. షుగరు వల్ల ఎంత దెబ్బ, బీ12 లేక ఎంత దెబ్బ అని విడదీయడం కుదరదంది డాక్టరమ్మ. రెంటికీ మందు మొదలుపెట్టింది. బీ12 సూదులు, రాత్రిపూట చిన్న మోతాదులో అమిట్రిప్టిలిన్ బిళ్ళ.

మందుల కొట్టతను ఆ చీటీ చూసి, "ఇది మనసు జబ్బుకు ఇచ్చేది కదా" అన్నాడు. నేను రెండు రోజులు మింగలేదు. మళ్ళీ వెళ్ళి అడిగితే ఆమె కోప్పడకుండా చెప్పింది: అది మొదట అందుకే వచ్చింది, తక్కువ మోతాదులో నరాల మంటను కూడా తగ్గిస్తుందని తర్వాత తెలిసింది, ప్రపంచమంతా దీనికి వాడుతున్నారు. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు, మూత్రం సరిగా రాని ముసలివాళ్ళకు చూసి ఇవ్వాలి, అందుకే కొట్లో అడిగి కొనుక్కోకూడదు. అది మన దేశపు అత్యవసర మందుల జాబితాలో ఉన్న పాత మందు, చవక మందు.

అయ్యా, నా మంట పోలేదు. సగానికి తగ్గింది. మూడో వారంలో ఒక రాత్రి నాలుగు గంటలు వరసగా నిద్రపోయాను. పొద్దున లేచి నా భార్యను పిలిచి ఆ మాట చెబితే ఆమె నమ్మలేదు. ఇక్కడిదాకా రావడానికి ఏడేళ్ళు పట్టింది. గద్వాల, కర్నూలు, రాయచూరు అని బస్సులెక్కి తిరిగాను. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న ఈ నడిగడ్డలో ఒంట్లో బాగోకపోతే మేం రెండు పక్క రాష్ట్రాల వైపు చూడటం మీకు తెలిసిందే.

నా ఒక్కడి కథ అయితే ఈ లేఖ రాసేవాణ్ణి కాదు. పత్తి విత్తనం చేలల్లోకి రండి. మా గట్టు, ధరూరు, మల్దకల్, అయిజ చేలల్లో పండే విత్తనం దేశమంతా పోతుంది. ఆ పనిని మేం క్రాసింగ్ అంటాం. సాయంత్రం పూట మొగ్గ విప్పి అందులోని మగ భాగాన్ని గిల్లేయాలి, మర్నాడు పొద్దున వేరే మొక్క పుప్పొడి తెచ్చి అద్దాలి. ఒక్కో పువ్వుకూ చేత్తోనే. చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. నెలల తరబడి నిలబడి, మందు కొట్టిన చేలో, తడి మట్టిలో. కొన్ని రకాల పురుగుమందులు ఎక్కువగా ఒంటికెక్కితే, ఆ గండం గడిచిన రెండు మూడు వారాల తర్వాత కాళ్ళ నరాలు దెబ్బతినే జబ్బు ఉందని వైద్యశాస్త్రంలో ఎప్పటినుంచో ఉంది. మా ఆడవాళ్ళ మంటల్లో దాని పాలెంత, షుగరు పాలెంత, రక్తహీనత, విటమిన్ల లోటు పాలెంత అన్నది ఎవరో ఒకరు కూర్చుని పరీక్షిస్తే కదా తేలేది. నా భార్య జట్టులో పద్నాలుగు మంది ఉంటే, రాత్రుళ్ళు కాళ్ళు మండుతాయనేవాళ్ళు ఐదుగురు. "అగ్గిల నడిసినట్టుంటది" అంటారు. అని, పొద్దున మళ్ళీ చేనికి పోతారు.

ఈ మంటకు మన తెలుగు నేలతో ఒక పాత బంధముంది. దాన్ని మీకు గుర్తు చేయాలనిపిస్తోంది. అరికాళ్ళ మంటను ఒక జబ్బుగా గ్రియర్సన్ అనే డాక్టరు 1826లోనే బర్మాలో చూసి రాశాడు. మన దక్షిణ భారతంలోని పేద రోగుల్లో దాన్ని పరిశీలించి 1946లో వైద్య పత్రికలో ప్రచురించినవారు డాక్టర్ కొలుతూర్ గోపాలన్. తిండిలో బీ విటమిన్ల లోటే దీనికి మూలమని, అందులో పాంటోథెనిక్ ఆమ్లం ఇస్తే మంట తగ్గుతోందని ఆయన చెప్పారు. ఇవాళ్టికీ వైద్య గ్రంథాల్లో ఆ జబ్బుకు ఆ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ గోపాలన్ గారే తర్వాత హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. 1960లో తోటి శాస్త్రజ్ఞుడు శ్రీకంఠయ్య గారితో కలిసి, దక్కన్‌లో జొన్న తినే పేదల్లో వచ్చే పెలాగ్రా అనే జబ్బు గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. జొన్నలో లూసిన్ ఎక్కువుండటమే కారణమన్న ఆయన వాదం మీద తర్వాత చర్చలు నడిచాయి. అది శాస్త్రజ్ఞుల సంగతి. నాకు ముఖ్యమైంది వేరు. జొన్నరొట్టె తినే పేదవాడి ఒంటి మీద మచ్చ ఎందుకొచ్చింది, అరికాలు ఎందుకు మండుతోంది అని అడగటం ఒక పెద్ద శాస్త్రజ్ఞుడికి తగిన పని అని ఆయన అనుకున్నారు. నిండా నూరేళ్ళు బతికి 2019లో పోయారు. ఆయన పనిచేసిన తార్నాక నుంచి మా గట్టుకు బస్సులో ఒక పూట ప్రయాణం. ఆ ప్రశ్న మాత్రం ఇంకా ఇక్కడికి చేరలేదు.

మా మండలాన్ని సర్కారు మరచిందని నేననలేను. అక్షరాస్యతలో అట్టడుగున ఉన్నామని, వెనకబడ్డామని మమ్మల్ని లెక్కల్లోకి ఎక్కించారు. 2023 జనవరిలో కేంద్రం మొదలుపెట్టిన ఆస్పిరేషనల్ బ్లాకుల కార్యక్రమంలో గట్టు ఉంది. 2024 జులై 4 నుంచి సెప్టెంబరు 30 దాకా సంపూర్ణత అభియాన్ అని నడిచింది. అందులో నూటికి నూరు సాధించాలనుకున్న ఆరు అంశాల్లో షుగరు పరీక్ష ఒకటి, బీపీ పరీక్ష ఒకటి. మంచిదే. వేలు పొడిచి, చుక్క రక్తం తీసి, ఉందో లేదో చెప్పారు. ఉందని తేలినవాడి కాళ్ళు ఆ తర్వాత ఏమవుతున్నాయో చూడటం కూడా ఆ పనిలో భాగమేనని మీరు ఒప్పుకోవాలని నా మనవి.

ఆశా కార్యకర్త ఇంటింటికీ తెచ్చే సీబ్యాక్ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: అరచేతుల్లో, అరికాళ్ళలో మాటిమాటికీ తిమ్మిరి వస్తోందా అని. అది కుష్టును పట్టుకోవడానికి పెట్టిన ప్రశ్న. ఉండాల్సిందే. స్పర్శ లేని మచ్చ ఉన్నా భయపడి చెప్పనివాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ అవునన్నవాడికి కుష్టు కాదని తేలాక ఆ జవాబు అక్కడితో ఆగిపోతోంది. తిమ్మిరి ఎందుకో అడిగే రెండో మనిషి లేడు. మంట అనే మాటకైతే అసలు గడే లేదు. ఆ ఒక్క మాట చేర్చండి. అవునన్నవాళ్ళను పంపడానికి ఒక చోటు చూపించండి.

ఆరోగ్యశ్రీ గురించి ఒక మాట. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొదట అమలైన మూడు జిల్లాల్లో అప్పటి మా మహబూబ్‌నగర్ ఒకటి. పాలమూరు పేదవాడు ఆస్పత్రి గుమ్మం ఎక్కగలిగింది దానివల్లే. 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. అయితే అది ప్రధానంగా మంచమెక్కిన రోగానికి, ఆపరేషన్‌కు. అరికాళ్ళ మంటకు మంచం అక్కర్లేదు, కత్తి అక్కర్లేదు. అది మనిషిని చంపదు. కాబట్టి ఏ పథకంలోనూ దానికి చోటు దొరకలేదు. మా వీధిలో నాలాంటి నేతగాడు ఒకాయన, కాలు మొద్దుబారి, గుంటలో మేకు గుచ్చుకున్నా తెలియక రెండు రోజులు అలాగే నేశాడు. సాయంత్రాలు కాపడానికి పెట్టుకున్న వేడినీళ్ళు ఎంత వేడో కూడా ఆ కాలికి తెలియలేదు. పుండు పడింది, చీము పట్టింది, బొటనవేలు తీసేశారు. ఆ ఆపరేషన్ కార్డు మీదే అయింది, పైసా ఖర్చు కాలేదు. రెండేళ్ళ ముందు ఎవరైనా ఆ నైలాను పోగు అరికాలికి ఆనించి ఉంటే, ఒక జత మెత్తని చెప్పులిచ్చి ఉంటే, ఆ వేలు ఉండేది. వేలు లేకుండా చెక్క తొక్కడం కుదరక ఆయన మగ్గం అమ్ముకున్నాడు.

చెప్పులంటే గుర్తొచ్చింది. కుష్టు వల్ల స్పర్శ పోయినవాళ్ళకు సర్కారు ఎంసీఆర్ రబ్బరు చెప్పులు ఉచితంగా ఇస్తుంది. ఎన్నో పాదాలను కాపాడిన చెప్పులవి. షుగరు వల్ల స్పర్శ పోయిన కాలికి కూడా అదే చెప్పు కావాలి. ముల్లుకు ఆ రెండు కాళ్ళకూ తేడా తెలియదు. మీ దగ్గర పద్ధతి ఉంది, తయారీ ఉంది, పంచే మనుషులున్నారు. ఇంకొంతమందికి ఇవ్వమని ఒక ఉత్తర్వు చాలు.

నేను అడిగేవి పెద్దవి కావు. షుగరు బిళ్ళలిచ్చే ప్రతి సర్కారు దవాఖానలో ఏడాదికొక్కసారి ప్రతి రోగి చెప్పులు విప్పించి పాదాలు చూడాలి. శ్రుతిదండం, నైలాను పోగు ఉండాలి. వాటిని వాడటం నర్సమ్మలకు ఒక పూటలో నేర్పించొచ్చు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడుతూ కాళ్ళు మండుతున్నాయన్నవాళ్ళకు బీ12 పరీక్ష, సూదులు మండలంలోనే దొరకాలి. నరాల మంటకు పనిచేసే మందులు, డాక్టరు ఒకసారి చూసి రాశాక, నెలనెలా ఊరి పల్లె దవాఖానలోనే అందాలి. కూలి మానుకుని బస్సెక్కాల్సి వస్తే మా ఆడవాళ్ళు మందే మానేస్తారు. టీబీ మందులు వాడేవాళ్ళకు వాటితో పాటు ఇచ్చే బీ6 బిళ్ళ ఎందుకో విడమరచి చెప్పాలి. అది చిన్నదని పక్కన పెట్టేసి కాళ్ళ మంటలు తెచ్చుకుంటారు.

గద్వాలకు 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. వారానికి ఒక్క రోజు అక్కడ కాళ్ళ మంటలకూ తిమ్మిర్లకూ విడిగా ఓపీ పెట్టించండి. నెలకొకసారి ఆ డాక్టర్లను, చదువుకునే పిల్లలను గట్టుకు పంపండి. వైద్యం నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? క్రాసింగ్ మొదలు కాకముందే వస్తే ఆడవాళ్ళు ఇళ్ళ దగ్గర ఉంటారు. మొదలయ్యాక వస్తే చేల గట్ల మీదికే రావాలి. విత్తన కంపెనీలు, ఆర్గనైజర్లు ఆ ఒక్క రోజు కూలి కోయకుండా చూసే అధికారం కలెక్టరు గారికి ఉంటుందని అనుకుంటున్నాను.

నాకు మంట తగ్గిందన్న మాట ఊళ్ళో పాకింది. పోయిన నెల చీకటి పడ్డాక ఇద్దరు ఆడవాళ్ళు మా ఇంటికొచ్చారు. ఇద్దరూ క్రాసింగ్‌కు పోయేవాళ్ళే. ఒకామె కొంగు ముడి విప్పి డబ్బులు తీసి, "అన్నా, నీ బిళ్ళలు నాలుగు ఈయవా, రెండు రాత్రులన్నా పండుకుంట" అంది. రెండో ఆమెకు గుండె దడ ఉందని మా వీధిలో అందరికీ తెలుసు. ఆ బిళ్ళ గుండె జబ్బు ఉన్నవాళ్ళకు చూసి ఇవ్వాలని డాక్టరమ్మ చెప్పిన మాట నా చెవిలోనే ఉంది. ఇవ్వలేదు. కర్నూలు పొమ్మన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, డబ్బులు మళ్ళీ కొంగుకు కట్టుకుని వెళ్ళిపోయారు. వాళ్ళు ఇంకా కర్నూలు పోలేదు. మీరు ఎవరినైనా పంపితే, వాళ్ళ ఇళ్ళు నేను చూపిస్తాను.

ఇట్లు,
గట్టు మండలం నుంచి ఒక నేతగాడు